చెవికి ఆనించిన స్క్రూడ్రైవరు

గ్రిమ్స్‌బీ రేవులో మా షెడ్డుకీ వాళ్ళ షెడ్డుకీ మధ్య
ఒక ఇనప కంచె.
అటు నీలం కోట్లు, ఇటు నారింజ.
సముద్రంలో మాత్రం రెండు కంపెనీల గాలిమరలూ
ఒకే గాలికి తిరుగుతాయి.

చేరిన రోజు సంతకం పెట్టిన కాగితాల్లో
పదకొండో పేరా:
ఇక్కడ నేర్చుకున్నది ఈ గేటు దాటకూడదు.
నవ్వొచ్చింది.
విప్పి కొక్కేనికి తగిలించి పోవడానికి
చేతులేమైనా గ్లవ్సులా?

ఫిబ్రవరిలో మా ఏడో నంబరు మర బేరింగు
మూలగడం మొదలెట్టిందట.
అట, ఎందుకంటే నేను వినలేదు.
నా స్క్రీను మీద గీత చదునుగా, బుద్ధిమంతురాలిలా
ఒద్దిగ్గా కూర్చునుంది.
మార్చి రెండో మంగళవారం మర ఆగిపోయింది.
క్రేను ఓడకి రోజుకి ఎంతో ఎవరూ చెప్పలేదు.
మేనేజరు మెడ మీద నరం చెప్పింది.

లినెట్ టీ బండి కంచె తెగిన చోట ఆగుతుంది.
ముందు చక్రాలు వాళ్ళ నేల మీద,
వెనక చక్రాలు మా నేల మీద.
అద్దె ఎవరికి కడుతుందో ఇప్పటికీ తేలలేదు.
అక్కడ, నా పేరైనా అడక్కుండా
ఒక నీలం కోటు అడిగింది:
"మీదీ మూలుగుతోందా?"

క్లైవ్ స్టాథర్స్.
నలభై ఏళ్ళు చేపల పడవల ఇంజన్లతో కాపురం చేసి వచ్చినవాడు.
నేను పదకొండో పేరాని తలుచుకున్నాను.
టీ ఊదుకున్నాను.
"ఏది?" అన్నాను.

ఆయన నా అబద్ధాన్ని పట్టించుకోలేదు.
జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి
పిడి చెవి వెనక ఎముకకి ఆనించి
మొన లినెట్ జనరేటరు మీద పెట్టి
కళ్ళు మూసుకున్నాడు.

బెజవాడ ఆటోనగర్ గుప్పుమంది నాకు.
లారీ బోనెట్‌లోకి సగం దూరిన సూరన్న బాబాయి,
అదే వంపు, అవే మూసిన కళ్ళు.
"బండి చెప్పుకుంటోందే, ఇటొచ్చి విను."
ఇంజనీరింగు చదువుతున్నాను కదా,
వెళ్ళలేదు.

ఈసారి విన్నాను.
హోరు లోపల, ఎక్కడో,
అన్నంలో రాయి పంటికి తగిలినట్టు
ఒక్క కరకర.
"ఇంకో నెల, అంతే" అన్నాడు క్లైవ్.
"పోయినేడూ ఇదే అన్నావ్" అంది లినెట్, గుడ్డు తిరగేస్తూ.

గాలి పడిపోయి మళ్ళీ లేచిన
మొదటి పది నిమిషాలు వినాలట.
చలికి గ్రీజు బిగుసుకుని ఉంటుంది,
అప్పుడే అది నిజం కక్కుతుంది,
వేడెక్కాక మాట దాచేస్తుంది.
నా గ్రాఫు రోజంతటికీ సగటు తీసి
ఆ పది నిమిషాల్నీ మింగేస్తోంది.
చిప్స్ పొట్లం చింపి
కొలత ఎప్పుడు మొదలెట్టాలో గీసిచ్చాను.
క్లైవ్ దాన్ని నీలం కోటు లోపల,
కళ్ళద్దాల పక్కన పెట్టుకున్నాడు.

కంచే చేను మేస్తుందంటారు మావైపు.
ఈ కంచె ఏమీ మేయదు.
రెండు చేలకీ ఒకటే పురుగని
ఏ చేనుకీ తెలియనివ్వదు.

పొట్లం ఎలా దొరికిందో మరి,
జూన్‌లో మా మేనేజరు ఇమొజెన్ బల్ల మీద ఉంది.
ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.
ఆమె చాలాసేపు చూసి,
"ఈ నూనె మరక కూడా కొలతేనా?" అంది.

తర్వాత లాయర్లు. నాలుగు నెలలు.
నలభై పేజీల ఒప్పందం వచ్చింది,
అందులో జ్ఞానం అనే మాట తొంభైసార్లు ఉంది,
చెవి అనే మాట ఒక్కసారీ లేదు.
అద్దాల గదిలో మొదటి సమావేశం:
ఇటు ఆరుగురం, అటు ఆరుగురు,
మధ్యలో ఎవరూ ముట్టని బిస్కెట్లు.
మరలన్నీ బాగున్నాయని
ఇరుపక్షాలూ చెప్పుకున్నాం.

క్లైవ్ నావైపు చూశాడు.
కోట్లు తీసుకుని లేచాం.
వెనక ఇంకో కుర్చీ కిర్రుమంది, ఇంకోటి.
ఎన్నని లెక్కపెట్టలేదు.

వాన.
లినెట్ బండి కింద జనరేటరు
ఇంకా తిరుగుతూనే ఉంది.
క్లైవ్ తప్పు చెప్పాడు.
అది కూడా రాసుకున్నాం.