దిద్దని తప్పు

ఈరీలో మంచు ఏప్రిల్లో కూడా సెలవు తీసుకోదు.
మా కొట్టు ఒకప్పుడు పోలిష్ వాళ్ల రొట్టెల అంగడి,
తడి రోజుల్లో గోడలు ఇంకా గసగసాల వాసన వేస్తాయి.
పొయ్యి ఉన్న చోట ఇప్పుడు గాజు బీరువా,
అందులో బాస్కెట్‌బాల్ కార్డులు.

నా పని చూడటం.
పదింతల భూతద్దం, తెల్ల దీపం, నూలు గుడ్డ.
బొమ్మ నడిమధ్యన ఉందా, ఎడమకి ఒరిగిందా,
మూలలు సూదిమొనల్లా ఉన్నాయా,
అంచు మీద పొలుసు లేచిందా,
వెలుగుకి వంచితే గీత కనిపిస్తుందా.
వెంట్రుకవాసి తేడాకి
తొమ్మిది వందల డాలర్లు తొంభై అవుతాయి.
రబ్బరు బ్యాండు వేసి దాచిన పాపానికి
మొన్న ఒక పెద్దమనిషి ఇక్కడే ఏడ్చాడు.

శనివారాలు లమాంట్ టీజ్లీ వస్తాడు.
సిటీ బస్సు నడుపుతాడు, మోకాళ్లు బాగోవు.
గుమ్మం కింద వంగి లోపలికొచ్చాక
మళ్లీ పూర్తిగా నిటారు కాడు.
బీరువా వంక చూడడు.
నేల మీద పది సెంట్ల డబ్బాల దగ్గర
పిల్లల మధ్య స్టూలేసుకుని
బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరతాడు.
ఏరేది ఒక్కటే, తన కార్డు.

పెద్ద లీగులో పదకొండు ఆటలు,
మొత్తం పంతొమ్మిది పాయింట్లు. కార్డు వెనక ఉంది.
ఆ ఏడు కంపెనీలు ఒళ్లు తెలీకుండా అచ్చేశాయి.
అటకల మీద, గరాజుల్లో, చవక సంతల్లో
ఇప్పటికీ ఊరుతూనే ఉంటాయి.
"కొని కొని నీ ధర నువ్వే పెంచుకుందామనా?
చెంచాతో సరస్సు తోడుతున్నావు," అన్నానొకసారి.
నవ్వలేదు.
ఏడు కార్డులకి డెబ్బై సెంట్లు లెక్కపెట్టాడు.

పోయిన వారం కొట్లో ఎవరూ లేరు.
ఒక కార్డు నా గుడ్డ మీద పెట్టి
"చూడు. నిజంగా చూడు," అన్నాడు.
చూశాను. ఎడమకి ఒరిగింది,
కింది మూల మెత్తబడింది, వెనక కాఫీ చుక్క.
"ఇంకా?"
ఇంకేముంది.
"మొహం."

అద్దం జరిపాను.
ఎత్తిన మోచెయ్యి చొక్కా మీది అంకెని కప్పేసింది.
బంతి అప్పుడే చేతిలోంచి వెళ్లిపోయింది, ఫొటోలో లేదు.
చిన్న చెవులు, గడ్డం మీద గాటు.
ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నాను ఈ కార్డుని.
అది లమాంట్ కాదు.

"తప్పు పడిందా! తప్పు పడ్డ కార్డుకి..."
గొంతులో వ్యాపారం లేచింది.
ధరల పుస్తకం తిరగేశాక చెప్పక తప్పలేదు.
కంపెనీ దిద్ది మళ్లీ అచ్చేస్తే
ముందరివి అరుదవుతాయి, రేటు పలుకుతాయి.
ఎవరూ దిద్దని తప్పు తప్పుగా లెక్కకి రాదు.
పది సెంట్లే.

ఈసారి నవ్వాడు, గట్టిగా, స్టూలు కదిలేలా.
"దిద్దమని నేనూ రాయలేదులే.
వాడు రోలండ్ ఫిప్స్. పది రోజుల ఒప్పందం మీద వచ్చాడు.
బెంచీ మీద నా పక్కనే, ఇద్దరికీ ఒకే తువ్వాలు.
పదకొండో పొద్దున ఇంటికి పంపేశారు.
వాడి పేరుతో ఎవడూ కార్డు వెయ్యలేదు."

"ఆ బంతి?"
"రిమ్ముకి కొట్టుకుని బయటికొచ్చింది. నేను చూశాగా."

రోలండ్ పోయి ఆరేళ్లు.
కూతురు ఆక్రన్‌లో సెలూన్ నడుపుతుంది.
ఆట బట్టల్లో తండ్రి ఫొటో ఇంకొకటి లేదు వాళ్లింట్లో.
అద్దానికి ఒకటి, పర్సులో ఒకటి, పిల్లలకి తలా ఒకటి.
పిల్లలు నములుతారు, జేబుల్లో ఉతికేస్తారు.
"అయిపోయినప్పుడల్లా ఫోన్ చేస్తుంది.
పేరు నాది కదా, సరఫరా నాదే."

డబ్బులు వద్దన్నాను.
నాణెం గుడ్డ మీద పెట్టి, ధర ధరేనన్నాడు.
గుమ్మం కింద వంగి మంచులోకి వెళ్లిపోయాడు.

కొట్టు కట్టేసే ముందు
తొమ్మిది వందల కార్డుని బయటికి తీశాను.
భూతద్దం లేకుండా, చాలాసేపు.
కుర్రాడికి పై పెదవి పగిలి ఉంది.
ఎవరినో చూస్తున్నాడు,
అంచుకి అవతల.