ఆమోదించాం, కానీ

నలభై ఒకటో పేజీ మూడుసార్లు టైపు చేశాను.
"ప్రస్తుతం ఉన్న నెట్‌వర్క్‌ను వివరించండి"
అని అడిగారు వాషింగ్టన్ వాళ్ళు.
హిల్యా మాత్తలా, మా మెడికల్ కాలేజీ లైబ్రేరియన్,
గడ్డకట్టిన సుపీరియర్ సరస్సుకేసి చాలాసేపు చూసి
"ఆర్విల్ పేరు రాయి" అంది.

ఒకే చూరు కింద అయిదు పొయ్యిలు మా ఆసుపత్రి.
ల్యాబ్‌కో యంత్రం, మందుల గదికో యంత్రం,
బిల్లులది అన్నిటికన్నా పెద్దది.
మాటలు మానేసిన తోడికోడళ్ళలా
ఒకదాని ముఖం ఒకటి చూడవు,
ఒక్క రోగినే అయిదు నంబర్లతో పిలుస్తాయి.

వాటి మధ్య ఆర్విల్ బోల్యు.
ఒక చక్రం కీచుమనే బండి, అరవై రెండేళ్ళ మోకాళ్ళు.
ఎవరి ఫైలు ఈ నెల ఎంత బరువెక్కిందో
తెరవకుండానే చెప్పగలడు.
నవంబరులో ఒక రాత్రి
పెన్సిలిన్ పడదని ఎర్రసిరాతో రాసిన అట్ట
నేలమాళిగలోనే ఉండిపోయింది.
మందు మాత్రం నాలుగో అంతస్తుకి వెళ్ళింది.
ఆర్విల్ లిఫ్టు కోసం ఆగలేదు.
ఆ అమ్మాయి బతికింది.
ఆ సంగతి ఏ యంత్రంలోనూ లేదు.

అప్లికేషన్‌లోనూ లేదు. పేజీల పరిమితి.
"సమగ్ర సమాచార నిర్వహణ" అని పదిహేడు చోట్ల రాశాం.
బడ్జెట్ గడుల్లో కేబుళ్ళు, ఒక ప్రోగ్రామరు, మూడేళ్ళ జీతం.
డీన్ సంతకం కోసం చర్చి చేపల విందు దాకా
మంచులో నడిచిన హిల్యా బూట్లకు
గడి లేదు.

జూన్‌లో ఉత్తరం వచ్చింది.
సరస్సు మీద ఇనుప ఖనిజం ఓడలు కదులుతున్నాయి అప్పటికి.
"ఆమోదించాం, కానీ నిధులు లేవు."
విస్తరి వేశారు, వడ్డన లేదు.
అడుగున ఎవరో సమీక్షకుడి ప్రశ్న,
మార్కుల మధ్య దారి తప్పి వచ్చినట్టు:
"బోల్యు గారు రిటైరైతే?"

నేను నవ్వాను. హిల్యా నవ్వలేదు.
ఆ కాగితం పట్టుకుని నేలమాళిగలోకి దిగింది.
ఆర్విల్ చదివాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.
పన్ను కట్టమని కాకుండా
ప్రభుత్వం తన పేరు రాయడం ఇదే మొదలట.
ఒక కాపీ అడిగి తీసుకుని
నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడు పంపాలి?"
"అక్టోబరు ఒకటి."
"సరే, మోకాళ్ళకి చెప్తాను."

బండి కదిలింది.
ఆ కీచుమనే చప్పుడు
ఏ పేజీలో టైపు చెయ్యాలో
నాకింకా తెలీదు.