మోత, మొదటి సంచిక

పేరు రెండే అక్షరాలు: మోత.
డప్పుదీ మోతే, గోనెసంచిదీ మోతే అని
రేచల్ వాదించి గెలిచింది.
నాకు అప్పజెప్పింది అట్ట.

నర్మద మేడమ్ బోర్డు మీద రాసినవి
ఇంకా నా నోట్‌బుక్కులో ఉన్నాయి.
బొమ్మలో మనిషి కొనేవాడి కళ్లలోకి చూడాలి.
దుకాణంలో పత్రికలు ఒకదాని మీదొకటి ఒరిగి ఉంటాయి కనుక
ఎడమ పక్క మూడో వంతులోనే సంగతి చెప్పేయాలి.
రంగులు మూడు. నాలుగోది వేస్తే పెళ్లికార్డు.
తల పేరును కాస్త కప్పొచ్చు,
అందరికీ తెలిసిన పత్రికైతే.

మేమెవరికి తెలుసు?
నూట యాభై కాపీలు, అందులో ముప్పై మా చుట్టాలకే.

అయినా ధర వేశాం, ఇరవై రూపాయలు,
ఎవరూ ఇవ్వరని తెలిసీ.
బార్‌కోడ్ లేకపోతే పత్రికలా లేదన్నాడు ముజమ్మిల్.
హాస్టల్ బాత్రూంలో దొరికిన సబ్బుపెట్టె గీతల్ని
ఫోటో తీసి అంటించాడు.
మెహిదీపట్నంలో ఏ బిల్లు కౌంటర్లో చూపించినా
మా సంగీతం వేపసబ్బు, డెబ్బై ఐదు గ్రాములు.

చిక్కడపల్లిలో వీరభద్రం గారి డీటీపీ
మెట్ల కింద గది.
ఫ్యాను తిరిగితే కాగితాలు లేస్తాయి,
ఆగితే మేం లేస్తాం.
మా ఫైలు ఆయన కంప్యూటర్‌లో తెరిచేసరికి
ఒత్తులన్నీ రాలిపోయాయి.
వాద్యం వాదమైంది.
ఎనిమిది పేజీల నిండా వాద్యకారులు
వాదకారులై కూచున్నారు.
"తప్పేముంది, పొద్దున్నుంచి మీరు చేస్తున్నది అదే గదా"
అంటూనే
చొక్కాకు గుండీలు కుట్టినట్టు
ఒక్కో ఒత్తునూ తెచ్చి కుట్టాడు.

వరసల మధ్య జాగా పెంచమన్నాడు.
ఇంగ్లీషు నమూనా చూసి మేం పెట్టుకున్న కొలతలో
పైవరస ఒత్తులు చెప్పులకాళ్లతో
కిందివరస గుడులెక్కుతున్నాయి.
ఇంగ్లీషు సిటీ బస్సులో నిలబడి పోగలదు.
తెలుగుకు కాళ్లు చాపుకునే చోటు కావాలి.
నాలుగు పేజీలు పెరిగాయి. డబ్బులు పెరగలేదు.

ఇక అట్ట.

ఏసీ గార్డ్స్‌లో మర్ఫా వాయించే మబ్రూక్ బిన్ ఫరజ్,
డెబ్బై దాటాయి, తలకు గళ్ల రుమాలు.
బరాత్ కదిలే ముందు
పాత పేపర్ల మంట మీద చర్మం కాచుకుంటున్నాడు.
రెండొందల ఫోటోలు తీశాం.
ఒక్కదాంట్లోనూ మా వైపు చూడలేదు.
"చాచా, ఒక్కసారి ఇటు" అంది రేచల్.
"నేను అటు చూస్తే," మంట మీద దఫ్ తిప్పుతూ,
"చర్మాన్ని ఎవరు చూస్తరు?"

అలా మొదటి సూత్రం పోయింది.

రెండోదైనా దక్కించుకుందామని
బొమ్మను అద్దంలోలా తిప్పాను,
మొహం ఎడమకొచ్చింది.
ముజమ్మిల్ ఒక్క చూపు చూసి
"ఆ కర్ర ఆ చేత్తో పట్టడు" అన్నాడు.
వాళ్ల తాతదీ అదే గల్లీ, అప్పటిదాకా చెప్పలేదు.
మళ్లీ తిప్పాను.
ఇప్పుడు మూడో వంతు నిండా వట్టి మంట.
దానికోసం నాలుగో రంగు వేశాం.
ఎంతైనా పెళ్లే కదా.

మిగిలింది ఒకటే చిక్కు.
ఎంత జరిపినా ఆయన తల వచ్చి
త మీద పడుతోంది, తలకట్టును మింగేస్తోంది.
తలకట్టు పోతే త పలకదు.
పేరును కిందికి దింపనా, మనిషిని చిన్నది చేయనా,
రాత్రి పదకొండింటికి మౌసు పట్టుకుని కూచున్నాను.
వీరభద్రం గారు షట్టరు సగం దించి వచ్చి
కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి
పైకే చదివారు: "మోత".
రుమాలు కొస, ముడి దగ్గర చివుక్కున లేచింది,
సరిగ్గా అక్కడ.

మొదటి కాపీ ఆయనకే ఇచ్చాం.
తెలుగు చదవడు.
తన బొమ్మ కేసి కూడా ఎక్కువసేపు చూడలేదు.
అట్టను చెవి దగ్గరికి తెచ్చి
వేలితో రెండు దెబ్బలు కొట్టి విన్నాడు.

"పల్చగుంది," అన్నాడు,
"ఇంకొంచెం కాచాల్సింది."