నొప్పి సూది

కాగజ్‌నగర్‌ల రైలు దిగేసరికి ఇంకా చీకటే ఉన్నది.
జీపుల నా పక్కన నసీమా మేడం,
మెడల బైనాక్యులర్, ఒళ్ళె లెక్కల ఫారం.
హన్మకొండ కాలేజీల జంతుశాస్త్రం చెప్తదామె.
నేను పరకాల పశువుల దవాఖానల
ముప్పై ఒక్కేండ్లు కాంపౌండర్‌ని.
"పిట్టలంటే ఇష్టమా సార్?" అనడిగింది.
"లెక్కపెట్టుడు వచ్చు" అన్న.

బెజ్జూరు దాటినంక రోడ్డు పేరుకే రోడ్డు.
మోదుగులు పూసినయి, కొమ్మకు ఆకొక్కటి లేదు.
కుర్సెంగ తానాజీ వాగు కాడ నిలబడి ఉన్నడు,
భుజాన గొడ్డలి, కాళ్ళకు రబ్బరు చెప్పులు.
ఎక్కడ ఏది కూసినా తల తిప్పడు, పేరు చెప్తడు,
మేడం రాసుకుంటది:
జెముడుకాకి. బంగారు పిచికలు రెండు. వడ్రంగి పిట్ట...
చప్పుడైంది గాని కనవడలేదు, రాయాల్నా వద్దా?
"రాయి" అన్నడు తానాజీ, "అది మనల్ని చూసింది గదా."

పెద్దవాగు ఇసుకల నా మోకాలు మొరాయించింది.
జేబుల మాత్రలున్నయి. తీయలేదు.

గుట్ట.
నిలువునా కోసినట్టున్న రాయి, నడుమ అరుగులు,
అరుగుల కింద తెల్లటి చారలు,
సున్నం బకెట్టు పైనుంచి బోర్లించినట్టు.
"రెట్ట!" అన్నది మేడం, బిడ్డ పుట్టిందన్నంత సంబురంగ.
చారల పైన రాయి ఒకటి కదిలింది.
బోడి మెడ, గూని భుజాలు,
గొంగడి జారిపోతుంటే పట్టించుకోని ముసలోని లెక్క
రాబందు.
పాతికేండ్లయింది నేను చూసి.

మా దిక్కు ఎద్దు చస్తే ఊరవతలి గుంతకు ఈడ్చేటోళ్ళు.
తోలు తీసినాయిన కత్తి తుడుసుకునేలోపే దిగేటియి,
ఏమీ లేని ఆకాశంల నుంచి.
మూడో బీడీ ముట్టిచ్చేసరికి
పక్కబొక్కలు తోమిన గిన్నెల తీరు మెరిసేటియి.
వాసన ఊర్లెకు వచ్చేది కాదు.

తర్వాత నొప్పి సూది వచ్చింది.
కుంటే ఎద్దుకు, వాసిన పొదుగుకు,
లేవలేని ముసలి బర్రెకు సుత.
అది లేవకపోయినా
రైతు మొఖంల జరంత నెమ్మది కనవడేది.
ఎవరు పిలిచినా, రాత్రయినా, సైకిలేసుకొని పోయేటోణ్ణి.
నన్ను మంచోడనేటోళ్ళు. అబద్ధం కాదు.
ఎన్ని సూదులేసిన్నో రిజిస్టర్ల ఉన్నది.
గుంతకాడికి కుక్కలు ఎన్నడు మర్లినయో
ఏ రిజిస్టర్ల లేదు.

పగటీలి. గుట్ట కింద చదునుల
నిన్న చచ్చిన ఎద్దు. వాటి కోసం తెచ్చిందే.
తానాజీ నన్ను పిలిచిండు:
"నువ్వు పసుల డాక్టరువట గదా.
చూసి చెప్పు, దీనికి ఆ సూది పడ్డదా?"

కూసున్న. మెడ తడిమిన, తొడ తడిమిన,
నా చేతులెరిగిన జాగలన్నీ.
కండ చెప్పది.
సూది గుచ్చిన మచ్చ, జోరీగ కుట్టిన మచ్చ
సచ్చిన తోలు మీద ఒక్క తీర్గనే ఉంటయి.
"తెలువది" అన్న.

ఆయన ఏమనలేదు. ఎండు టేకాకులు తెచ్చి కప్పిండు.
"ఎద్దుగల్లాయనను ఇంకోసారి అడిగొస్త.
పసరు తప్ప ఏం పొయ్యలేదన్నడు.
రెండుసార్లన్నడు. మూడోసారి మొఖం చూడాలె.
నేనొచ్చేదాక ఒక్కదాన్ని వాలనియ్యకు."

మేడం లెక్కపెడ్తున్నది, గుసగుసగ:
ఇరవై, ఇరవై ఒకటి, ఆ మూల గూట్ల పిల్ల.

గుట్ట అంచు నుంచి ఒకటి తేలింది.
రెక్క ఆడిచ్చలేదు. నీడ ముందు దిగింది,
ఆకుల మీదికెళ్ళి, నా మీదికెళ్ళి.
నేను లేచిన. మోకాలు కలుక్కుమన్నది.
భుజం మీది తువ్వాల తీసి
గాల్లె తిప్పుకుంట, గొంతు చిరిగేటట్టు
"పో! పో! అవతలికి పో!"

అది పోలేదు. కొంచెం పైకి లేచి
మళ్ళ తిరుగుతున్నది.

తానాజీ పోయిన తొవ్వల ఇంకా ఎవరూ లేరు.
జేబుల మాత్రల పట్టీ గరగరమంటున్నది.
దాని మీద ఏ మందు పేరుంటదో
చదువకుండనే తెలుసు నాకు.