మెడ కొలత

బరంపురం షాపులో మొదటి ప్రశ్న వయసే.
ఏడు, అన్నాను.
ఏడేళ్ల కారు సీటు తెచ్చాడు, నిటారుగా, ఎర్రగా,
పక్కన గ్లాసు పెట్టుకునే గుంటతో సహా.
కూర్చోబెడితే తారిణి గడ్డం గుండెకానుకుంది,
ఊపిరి సన్నగా ఈల వేసింది.
పసిపిల్లల సీటైతే వెనక్కి వాలుతుంది గానీ
మోకాళ్ల కిందంతా బయటే.

పెట్టెల మీద కిలోలూ నెలలూ రాసున్నాయి.
మెడ గురించి ఏటీ లేదు.

ఇంకోటుందట, తెప్పించాలట.
ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు,
చావు కబురు చెప్పినట్టు.
మా పాత వ్యాను అమ్మినా సగమే.

తిరుగుదారిలో, తప్తపాణి మలుపుల్లో
నా అరచెయ్యే దాని నుదుటికి బెల్టు.

పర్లాకిమిడిలో జీపు సీట్లు కుట్టే మహారణా మావ
టేపు తియ్యలేదు.
రెగ్జిన్ ముక్కల మధ్య చతికిలబడి
పిల్లని ఛాతీకి ఆనించుకుని
గోడకేసి కొంచెం, ఇంకొంచెం వాలాడు.
ఒకచోట తల నిలిచింది.
తారిణి ఫ్యానుని చూసి నవ్వింది.
"ఎఇఠి," అన్నాడు కదలకుండా. ఇక్కడే.

కుట్టీమంటే తల అడ్డంగా ఊపాడు.
"మెత్తగా కుడతానమ్మా. బండి గుద్దుకుంటే
నా దారం ఆగదు."
పాత కేలండరు అట్ట మీద
కొడుకు చేత తన వీపు వాలు గీయించి
కత్తెరతో కోసిచ్చాడు.

సోమవారం మళ్లీ బరంపురం.
షాపతను నోరు తెరిచేలోగా
అట్టముక్క గల్లాపెట్టె మీద నిలబెట్టాను.
ఇంత వాలేది, వాలినచోటే ఉండేది,
ఐదు పట్టీలది
చూపించు బాబూ.
వయసు అడక్కు.