రెండు ముడుల తాడు

అత్తాపూర్‌ల, పిల్లర్ నూట ముప్పై ఆరు ఎదురుంగ
అద్దాల ఎనక మూడు బండ్లు.
నాలుగేసి చక్రాలు, గుర్రపు జీను లెక్క సీట్లు,
ఒంటి మీద బురద చుక్క లేదు,
కుస్తీ ఎరగని పహిల్వాన్లు.

ముగ్గురం పోయినం:
నేను, మెకానిక్ చాంద్‌పాషా,
ఇరవై ఏండ్లుగ మా చామంతి గంపలు మోస్తున్న అండాలమ్మ.

సేల్స్ పిల్లగాడు సుహాస్,
అంగీ ఇస్త్రీ మడత ఇంకా విరగలే,
ముందుగాల ఎర్రదాని దగ్గరికి తోల్కపోయిండు.
ఐదు వందల డెబ్బై సీసీ, పవర్ స్టీరింగు,
ముంగట వించి, మూడున్నర వేల పౌండ్లు గుంజుతదట.
"పౌండ్లంటే?" అన్నది అండాలమ్మ,
"క్వింటాళ్లల్ల చెప్పు బిడ్డా,
లేకుంటే గంపలల్ల చెప్పు."
ఫోన్ తీసి లెక్క కట్టిండు. పదహారు క్వింటాళ్లు.
గంపల కాడ ఆగిపోయిండు.

పచ్చది కరెంటు బండి.
తాళం తిప్పితే చప్పుడే లేదు.
చాంద్‌పాషా చెవి ఆనించి
నాడి దొరకని హకీం లెక్క మొఖం పెట్టిండు.
"బ్యాటరీకి ఐదేండ్ల వారంటీ సార్."
"ఆరో ఏడు?"
సుహాస్ బ్రోచర్ తిప్పిండు.
ఆరో ఏడు అండ్ల లేదు.

ధర అడిగిన.
కారు ధర. కారుకుండే నంబరు ప్లేటు మాత్రం రాదు.
రోడ్డెక్కద్దు, తోటలనే తిరగాలె,
డీసీఎంల ఎక్కించుకొచ్చి దించిపోతరట.
ఇన్ని లక్షల గుర్రం
మా గేటు దాటితే దొంగ.

అయినా ఆశపడ్డ, అబద్ధమెందుకు.
తెల్లారగట్ల మూడింటికి గుడిమల్కాపూర్‌ల పూలు దిగాలంటే
ఒంటి గంటకే గంపలు గేటు కాడికి రావాలె.
మొయినాబాద్ నల్లరేగడి
వానకాలం అడుగడుక్కు కాలును అడ్డుకుంటది.
పోయినేడు అట్లనే
అండాలమ్మ మోకాలు టక్కుమన్నది.
నెత్తి మీది గంప మాత్రం పడనియ్యలే.
ఆ రాత్రి ఆటో ఐదు నిమిషాలు ఆగింది. అంతే.

ఇగో, అప్పుడు ఆమె కొంగు ముడి విప్పింది.
పైసలనుకున్నడు పిల్లగాడు.
గోనెతాడు ముక్క, రెండు ముడులు.
ముడికీ ముడికీ నడుమ
మా సాలుకూ సాలుకూ మధ్య సందు.

ఎర్రదాని ముంగట గొంతు కూసోని
ఈ చక్రం నుంచి ఆ చక్రం దాక పట్టింది.
జానెడు చాలలే.
పచ్చదానికి బెత్తెడు.
వెడల్పు ఏడో పేజీల ఉన్నదట,
వించి బొమ్మ కింద, చీమలంత అక్షరాలల్ల.

"ఒక్క సాలు పీకేస్తే సరిపోతది కదా మేడం,"
అన్నడు సుహాస్. పాపం, మంచికే అన్నడు.
అండాలమ్మ తల ఎత్తింది.
"ఏ సాలు?"

మూడోది మూలకు, ఫ్లెక్సీ నీడల.
రెండేండ్ల కిందటి మోడలు, స్క్రీను లేదు,
హ్యాండిల్ బిరుసు, సీటు మీద
చాయ్ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక.
తాడు పట్టింది.
ముడికి ముడి.

"అది డిస్‌ప్లే పీసు మేడం, అమ్మకానికి కాదు."
చాంద్‌పాషా అప్పటికే ఆయిలు వేలికంటించుకొని
వాసన సూస్తున్నడు, కండ్లు మూసుకొని.

మేనేజర్ను అడిగి సోమారం ఫోన్ చేస్తమన్నరు.
ఇయ్యాల బేస్తారం.
తాడు షెడ్డుల మొలకు ఏలాడుతున్నది.
రాత్రి, టార్చి ఎలుతుర్ల,
గంప నెత్తిన పెట్టుకొని సాలు నడుమ ఆగి
అండాలమ్మ అన్నది:
"మేడం, ఆ బండికి ఎనక్కి పొయ్యే గేరున్నదా?
అడగనే మరిసినం."