సంబంధం

బేతంచెర్ల స్టేషన్‌లో రైటర్ పెన్ను
ఆ గడి కాడ ఆగింది.
"మద్దిలేటమ్మకు నువ్వేమైతావు?
చెల్లెలని రాస్తాలే."

వద్దు సారూ.
ఏడేండ్లు ఒకే తట్టలో సంగటి తిన్నాం.
పాలిష్ ఫ్యాక్టరీ దిగినాక
ఒకరి జుట్లో రాతిపిండి ఒకరం దులుపుకున్నాం.
ఇంటిమనిషి అని రాయి,
గడి చాలకపోతే పక్కకు రాయి.

ముగ్గురూ తెలిసినోళ్లే.
"నిన్ను సరిచేస్తాం" అన్యారంట.
సరిచేసేది మాకు తెల్దా?
వంకర నాపబండను మిషన్ కిందకు తోసి
అంచు కోస్తాం. అరుస్తాది.
ఆమె బండ కాదు.
వంకరా లేదు.

బయట బెంచీ మీద వాళ్ల మేనమామ
రాజీమాట జేబులో పెట్టుకోని
టీ తాగుతాండాడు.

ఆస్పత్రి మంచం మీంచి ఆమె ఒకటే అడిగింది:
ఆ మాట ఉన్నదున్నట్టు రాపించు.
రాయి సారూ, "సరిచేస్తాం" అని.
రాసి, చదివి వినిపించు.
అది వినపడందే
వేలిముద్ర ఎయ్యను.